మెషిన్లని నడిపే పాత సీమెన్స్ పీఎల్‌సీ ఎస్7-300లో అంతా ఎస్‌టీఎల్ (లైన్లుగా అక్షరాల్లో రాసే) కోడే. నేర్చుకోవాలా, ల్యాడర్‌లోకి (సర్క్యూట్ బొమ్మలా గీసేది) మార్చేయాలా?

బొబ్బిలి_కుర్రాడు: గ్రోత్ సెంటర్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో చేరి ఎనిమిది నెలలైంది. డిప్లొమాలో ల్యాడరే చెప్పారు. ఇక్కడ ప్రోగ్రామ్ తెరిస్తే కాంటాక్టుల్లేవు, కాయిళ్లు లేవు, నిలువుగా అక్షరాలే. ల్యాడర్ వ్యూ పెడితే సగం నెట్‌వర్కులు (ప్రోగ్రామ్ ముక్కలు) మారట్లేదు. ఓనరు గారు కొత్త పీఎల్‌సీ ఎస్7-1200 కొనేద్దాం అంటున్నారు. ఈ కోడ్ అందులోకి వెళ్తుందా? విజయనగరంలో ఎస్‌టీఎల్ నేర్పేవాళ్లున్నారా?

రిలే_తాత: ఎస్‌టీఎల్ రానివాడు పీఎల్‌సీ వచ్చని చెప్పుకోకూడదు. అక్యుములేటర్‌లో (లెక్కలు జరిగే చోటు) ఏముందో, ఆర్‌ఎల్‌ఓ (అప్పటిదాకా వచ్చిన లాజిక్ ఫలితం) ఒకటో సున్నానో లైను లైనుకీ కనిపిస్తుంది. ల్యాడర్ బొమ్మల పుస్తకం.

పైడిభీమవరం_నైట్‌షిఫ్ట్: తాతగారూ, ఆ లైను లైనూ చూసే నా సిరిమాను పండగ పోయింది. సెలవు పెట్టి విజయనగరం వెళ్లాను, అమ్మవారి దర్శనం కాకముందే ఫోను. పొద్దున ఒక కాంట్రాక్టరు నాలుగు లైన్లు కలిపి వెళ్లాడట, మిక్సరు ఆగడం లేదట. రాత్రి రెండింటికి దొరికింది. డ్రమ్ముల లెక్క ఎమ్‌డబ్ల్యూ 20 అనే రెండు బైట్ల మెమరీలో ఉంది. మిక్సరు సెకన్లు తెచ్చి ఎమ్‌డబ్ల్యూ 21లో పెట్టాడు మహానుభావుడు. 20 అంటే 20, 21 బైట్లు. 21 అంటే 21, 22. మధ్య బైటు ఇద్దరిదీ, రెండోదానికి అది పై బైటు. డ్రమ్ము ఒకటి పెరిగితే సెకన్లు 256 పెరుగుతున్నాయి!

రిలే_తాత: అది ల్యాడర్‌లో రాసినా అంతే. భాషనెందుకు తిడతావు?

పైడిభీమవరం_నైట్‌షిఫ్ట్: భాషని కాదు, మీ బడాయిని.

పలాస_జీడిపప్పు: నాదో డౌటు. ‘ఏ’ అంటే అవుట్‌పుట్ కదా?

రిలే_తాత: ఏటి బాబూ! ‘ఏ’ అంటే ఆండ్. ‘ఏ ఐ 0.0’, కింద ‘ఏఎన్ ఐ 0.1’, దాని కింద ‘= క్యూ 4.0’. ఏఎన్ అంటే ఆండ్ నాట్, ఐ ఇన్‌పుట్, క్యూ అవుట్‌పుట్. మొదటి పాఠం అది.

పలాస_జీడిపప్పు: మా మెషిన్‌లో ‘యూ ఈ 0.0’, ‘= ఏ 4.0’ అనే ఉంది. మోటారు తిరుగుతోంది కూడా. ఫొటో పెట్టమంటారా?

రిలే_తాత: ఎవడో తప్పు రాసుంటాడు.

పలాస_జీడిపప్పు: తప్పు రాస్తే ఆరేళ్లుగా ఎలా తిరుగుతోంది తాతా?

నాగావళి_ఒడ్డు: ఇద్దరూ కరెక్టే, కొట్టుకోకండి. అది జర్మన్ నిమోనిక్స్, అంటే ఆదేశాల పొట్టి పేర్లు. యూ అంటే ఉండ్, మన ఆండ్. ఈ అంటే ఐన్‌గాంగ్, ఇన్‌పుట్. ఏ అంటే ఔస్‌గాంగ్, అవుట్‌పుట్. ప్రోగ్రామ్ తెరిచే సాఫ్ట్‌వేర్ సిమాటిక్ మేనేజర్‌లో ఆప్షన్స్, కస్టమైజ్, లాంగ్వేజ్‌కి వెళ్లి ఇంగ్లిష్ పెట్టుకుంటే సరి.

రిలే_తాత: నాకు తెలుసు. కుర్రాళ్లకి తెలుసో లేదో చూశాను.

పైడిభీమవరం_నైట్‌షిఫ్ట్: 😂😂

రాజాం_ఆటోమేషన్: నేను పదిహేను ప్రొడక్షన్ లైన్లు కమిషన్ చేశాను, నా మాట వినండి. పీఎల్‌సీ భాషల అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఈసీ 61131-3లో 1993 నుంచి ఉన్న ఇన్‌స్ట్రక్షన్ లిస్టు, ఈ ఎస్‌టీఎల్‌కి దగ్గరి చుట్టం. 2013 ఎడిషన్‌లోనే దాన్ని వద్దన్నారు, 2025లో తీసేశారు. స్ట్రక్చర్డ్ టెక్స్ట్ (మామూలు ప్రోగ్రామింగ్‌లా రాసే పీఎల్‌సీ భాష) నేర్చుకోండి.

రిలే_తాత: స్టాండర్డ్‌లో తీసేస్తే నా ప్యానెల్‌లోంచి పోతుందా?

నాగావళి_ఒడ్డు: అసలు అడిగిన తమ్ముడిని వదిలేశారు. ఎస్7-1200లో ఎస్‌టీఎల్ లేదు తమ్ముడూ, తిరగరాయాలి. 1500లో ఉంది, రేటు చూసి ఓనరు గారు కూర్చుండిపోతారు. 300 సిరీస్‌ని 2023 అక్టోబరు నుంచి దశలవారీగా ఆపేస్తున్నారు, స్పేర్లకి మాత్రం ఇంకొన్నేళ్లు ఢోకా లేదు. ముందు చెప్పు, ఒరిజినల్ ప్రాజెక్టు ఫైలుందా, సీపీయూలోంచి అప్‌లోడ్ చేసుకున్నావా? అలా తీస్తే సింబల్ పేర్లూ కామెంట్లూ రావు.

బొబ్బిలి_కుర్రాడు: అప్‌లోడ్ చేసిందే అన్నా. అందుకేనా ఒక్క కామెంటూ లేదు!

పలాస_జీడిపప్పు: ల్యాప్‌టాప్‌ని పీఎల్‌సీకి కలిపే ఎమ్‌పీఐ కేబుల్ ఎవరి దగ్గరైనా ఉందా? రెండ్రోజులకి. కిలో జీడిపప్పు ఇస్తాను.

పైడిభీమవరం_నైట్‌షిఫ్ట్: గుండుదా, బద్దా?

బొబ్బిలి_కుర్రాడు: నాగావళి అన్నా, స్టోర్స్‌లో పాత ఇంజనీరు గారి ల్యాప్‌టాప్ దొరికింది. మీద ‘ఒరిజినల్’ అని మార్కరుతో రాసుంది. ఆన్ అవడం లేదు.