విదేశంలో ఈసిమ్ డేటా బాగానే ఉంది, సొంత నంబరుకు ఓటీపీలు మాత్రం రావట్లేదు

నాలుగు రోజులుగా విదేశంలో ఉన్నాను, ఇంకా పన్నెండు రోజులు ఉండాలి. రోమింగ్ ప్యాక్ ఖర్చు భరించలేక, డేటా కోసం ట్రావెల్ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే డిజిటల్‌గా వేసుకునే సిమ్) కొన్నాను. అది చక్కగా పనిచేస్తోంది. మ్యాపులు, వాట్సాప్ కాల్స్‌కు ఏ ఇబ్బందీ లేదు. సొంత సిమ్‌ను కేవలం బ్యాంకు ఓటీపీల కోసం ఆన్‌లో ఉంచి, దాని డేటా రోమింగ్ ఆపేశాను.

చిత్రమేమిటంటే, ఆ సిమ్‌కు సిగ్నల్ రెండు గీతలు చూపిస్తోంది. ఇంటి నుంచి తమ్ముడు పంపిన మామూలు ఎస్సెమ్మెస్ నిమిషంలోపే వచ్చింది. బ్యాంకు ఓటీపీ మాత్రం ఆరుసార్లు అడిగినా ఒక్కటీ రాలేదు. కార్డు చెల్లింపులన్నీ అక్కడే ఆగిపోతున్నాయి.

ఫోన్ రీస్టార్ట్ చేశాను. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీశాను. నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి, కనిపించిన మూడింటికీ ఒక్కొక్కటిగా కలిపి చూశాను. ఈసిమ్‌ను కాసేపు ఆపేసినా అంతే. స్పామ్ ఫోల్డర్‌లో, బ్లాక్ లిస్టులో ఏమీ లేవు. వైఫై కాలింగ్ (మొబైల్ టవర్‌కు బదులు వైఫై ద్వారా సిమ్ పనిచేసే సదుపాయం) ఆన్ చేశాను కానీ, హోటల్ వైఫైలో ఉన్నా స్టేటస్ బార్‌లో దాని గుర్తు రావట్లేదు. కస్టమర్ కేర్‌వాళ్లు ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివ్‌గానే ఉందంటున్నారు, బ్యాంకువాళ్లేమో ఓటీపీ పంపేశామంటున్నారు. బ్యాంకు యాప్‌లోనే చెల్లింపు ఆమోదించే పద్ధతి ఉంది కానీ, దాన్ని మొదలుపెట్టడానికీ ఓటీపీయే కావాలట!

ఖరీదైన రోమింగ్ ప్యాక్ కొనకుండా, మామూలు ఎస్సెమ్మెస్‌లు వస్తున్న ఈ సిమ్‌కే ఓటీపీలు కూడా రప్పించుకున్నవాళ్లు ఉంటే, ఏ సెట్టింగ్ మార్చారో, లేదా ఆపరేటర్‌ను ఏమని అడిగారో చెప్పగలరా?