వేటగాళ్లు, తొలి రైతులు కలిసిపోయిన్రని ఎట్ల తెలుస్తది?

పరకాల పాఠకుడు: పాండవుల గుట్ట బొమ్మలు చూసినంక అడుగుతున్న. వేట మీద బతికెటోళ్లు, ఎవుసం చేసెటోళ్లు వియ్యమందుకున్న సంగతి ఎముకలల్ల దొరుకుతదా?

హన్మకొండ జన్యు: దొరుకుతది అన్నా. లోపలి చెవి చుట్టున్న గట్టి ఎముకల డీఎన్‌ఏ బాగ నిలుస్తది, 50 మిల్లీగ్రాముల పొడి చాలు. వేటగాళ్ల నుంచి వచ్చిన డీఎన్‌ఏ ముక్కలు పొడుగుంటే కలిసి కొన్ని తరాలే అయినట్టు, ఎందుకంటే తరం తరానికి అవి తెగుతయి. ఆడోళ్లకు రెండు, మగోళ్లకు ఒక్కటే ఉండే ఎక్స్ క్రోమోజోమ్‌ల వేటగాళ్ల వాటా మిగతా వాటికంటే తక్కువుంటే, ఆ వైపు నుంచి మగోళ్లే ఎక్కువ కలిసిన్రని లెక్క. యూరప్‌ల నడి నవీన శిలాయుగంల, అంటే ఎవుసం వచ్చి కొంత కాలమైనంక, అట్లనే కనబడ్డది. అనటోలియా (ఇప్పటి టర్కీ) నుంచి వచ్చిన రైతులు మొదట్ల తక్కువ కలిసిన్రు, వేటగాళ్ల వాటా తర్వాత పెరిగింది. నాకైతే ఇదే అసలు విశేషం.

మంథని రాళ్లు: పంటి ఎనామిల్‌ల స్ట్రాన్షియం కూడ చూడాలె, అది రాళ్లు, మట్టి నుంచి తిండిలకు వచ్చే మూలకం. చిన్నప్పుడు తిన్న తిండి ఏ నేలదో ఆ గుర్తు అండ్ల ఉంటది. ఎముక తీసుకోవద్దు, మట్టిల స్ట్రాన్షియం పీల్చుకుంటది. పోల్చనీకి అక్కడి చెట్లు, నత్తల నమూనాలు ముందుగాల కావాలె. సెర్బియాల లెపెన్‌స్కీ వీర్ అనే పాతకాలపు ఊరు దగ్గర బయటి ఊర్లోళ్లను ఇట్లనే గుర్తువట్టిన్రు.

హన్మకొండ జన్యు: కాని మన దేశపు ఎండకు డీఎన్‌ఏ అంత బాగ నిలువది. హర్యానాల సింధు నాగరికత ఊరు రాఖీగఢీల 60కి పైగా నమూనాలు చూస్తే ఒక్కదాంట్లనే పనికొచ్చేంత దొరికింది, 2019ల అచ్చయింది. ఇగ వేటగాళ్ల సన్నరాతి పనిముట్లు, రైతుల కుండపెంకులు ఒకే పొరల దొరికినయని కలిసి బతికిన్రనుకోవద్దు. ఎలుక బొక్కలు, నాగళ్లు పొరలను కలిపేస్తయి.