వియత్నామీస్ హోటల్లో చేపల సాస్ తగలకుండా ఏం అడగాలి?
హ్యూస్టన్‌లో బెలెయిర్ బులివార్డ్ దగ్గర ఉంటున్నాం. అమ్మ ఇండియా నుంచి వచ్చింది, పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. వేడి వేడి సూప్‌లో నూడుల్స్ అంటే ఇష్టమని చవకగా ఉండే చిన్న వియత్నామీస్ హోటళ్లకి తీసుకెళ్తున్నా, రెండు వారాల్లో మూడు చోట్లా కుదరలేదు.

మొదటి చోట టోఫు ఫో (నూడుల్స్ సూప్) చెప్పాను, పైన టోఫు ఉంది గానీ సూప్ మాత్రం గొడ్డు ఎముకలు మరిగించినదే. అడిగాక చెప్పారు, అదృష్టం కొద్దీ అమ్మ ఇంకా చెంచా పెట్టలేదు. రెండో చోట "మాంసం వద్దు, చేప వద్దు" అని ఇంగ్లిష్‌లో గట్టిగా చెప్పి సూప్ లేని బున్ (బియ్యపు నూడుల్స్) తీసుకున్నాం, పక్కన చిన్న గిన్నెలో తియ్యగా పుల్లగా ఉండే నూక్ చామ్ ఇచ్చారు, అది చేపల సాస్‌తో చేస్తారని అమ్మ నాలుగు ముద్దలు తిన్నాక తెలిసింది. ఆ రోజంతా ఆవిడ ఇంకేమీ తినలేదు, నాకు చాలా బాధేసింది. మూడో చోట ఫోన్‌లో "ఆన్ చాయ్" (శాకాహారం) అని వాళ్ల భాషలో చూపించాను, ఉన్న సూప్‌లోంచే మాంసం ముక్కలు తీసేసి ఇస్తామన్నారు, లేచి వచ్చేశాం.

చాయ్ హోటళ్లు (పూర్తి శాకాహార వియత్నామీస్ హోటళ్లు) వేరే ఉంటాయని తెలుసు, మాకు అవి దూరం. మామూలు హోటల్లోనే సూప్‌లో గానీ సాస్‌లో గానీ చేప, మాంసం లేకుండా రావాలంటే ఏ వంటకం పేరు చెప్పి, సరిగ్గా ఏ మాటల్లో అడగాలి?