ల్యాప్‌టాప్‌లో ఆడే పెళ్ళి వీడియో డీవీడీ ప్లేయర్‌లో ఆడట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (రాజోలు నుంచి)

అందరికీ నమస్కారమండి. మా అమ్మానాన్నల పెళ్ళి వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ని ఈమధ్య ఎంపీ4 చేయించాం. రెండున్నర గంటల వీడియో. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా ఆడుతోంది. అమ్మమ్మకి ఫోన్‌లో చూడటం అలవాటు లేదు. ఆవిడ ఇంట్లో పాత డబ్బా టీవీ, డీవీడీ ప్లేయర్ ఉన్నాయి. ఖాళీ డీవీడీ మీద ఆ ఫైలు రైట్ చేసి పెడితే ప్లేయర్ కాసేపు గిర్రున తిప్పి 'అన్‌నోన్ డిస్క్' అంటోంది. వేరే డిస్క్ మీద చేసినా అదే వరస. వచ్చే నెల ఆవిడకి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం. చుట్టాలందరూ వస్తారు. తాతయ్య గొంతు మిగిలింది ఆ క్యాసెట్‌లోనే. ఆ రోజుకి ఎలాగైనా ఆడించాలని టెన్షన్‌గా ఉందండి. తేడా డిస్క్‌లో ఉందా, ప్లేయర్ లెన్స్‌లో ఉందా?

జవాబు (పాలకొల్లు నుంచి)

కంగారు పడకండి, ఇంకా నెల టైముంది. ముందు ఏదైనా సినిమా డీవీడీ పెట్టి చూడండి. అది ఆడితే లెన్స్ బాగానే ఉన్నట్టు. మీ డిస్క్‌ని ల్యాప్‌టాప్‌లో తెరిస్తే లోపల ఒక్క ఎంపీ4 ఫైలే కనిపిస్తోంది కదా? అదేనండి అసలు సంగతి. అది డేటా డిస్క్, డీవీడీ వీడియో కాదు. ప్లేయర్ వెతికేది వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌ని. అందులో వీవోబీ, ఐఎఫ్‌వో, బీయూపీ అనే ఫైళ్ళుంటాయి. బొమ్మ ఎంపెగ్-2 అనే పాత కుదింపు పద్ధతిలో ఉండాలి, మన దేశపు టీవీల పాల్ పద్ధతికైతే 720×576 సైజు, సెకనుకి 25 ఫ్రేములు. ధ్వని 48 కిలోహెర్ట్జ్ ఉండాలి. ఇప్పటి ఎంపీ4లో వీడియో మామూలుగా హెచ్.264 అనే కొత్త కుదింపు పద్ధతిలో ఉంటుంది, పాత ప్లేయర్‌లోని చిప్‌కి అది అర్థం కాదు. ఫైలు పేరు చివర ఎంపీ4 తీసేసి ఎంపీజీ అని పెట్టినా ఏమీ మారదు.

డీవీడీస్టైలర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టగానే అడిగే ప్రశ్నలకి జాగ్రత్తగా జవాబివ్వాలి: పాల్, 4.7 జీబీ, ఆడియో ఏసీ3 (డీవీడీల్లో వాడే ధ్వని పద్ధతి). మీ వీడియో 9000 సెకన్లు. దాన్ని 4.7 జీబీలో సర్దాలంటే బొమ్మకీ ధ్వనికీ కలిపి సెకనుకి సుమారు 4.2 మెగాబిట్లు దక్కుతాయి. అంచున కాస్త చోటు వదిలి బొమ్మకి 3700 కిలోబిట్లు ఇవ్వండి. క్యాసెట్ నుంచి వచ్చిన బొమ్మకి అది చాలు. ఇంకా బాగా కావాలంటే పెళ్ళి ఒక డిస్క్‌లో, సత్యనారాయణ వ్రతం ఇంకో డిస్క్‌లో పెట్టండి. 8.5 జీబీ డిస్కులతో పాత ప్లేయర్లు పేచీ పెడతాయి, వాటి జోలికి వద్దు.

నేరుగా డిస్క్ మీదకి కొట్టకుండా ముందు ఐఎస్‌వో ఫైలు (డిస్క్ మొత్తానికి నకలు లాంటి ఒకే ఫైలు) చేయించండి. దాన్ని వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో ఆడించి, తృప్తిగా ఉన్నాకే డిస్కులు రాసే ఇమ్‌గ్‌బర్న్‌తో రైట్ చేయండి. డిస్క్ డీవీడీ-ఆర్ తీసుకోండి, చెరిపి మళ్ళీ రాసే ఆర్‌డబ్ల్యూ వద్దు. వేగం 4ఎక్స్ లేదా 8ఎక్స్ పెట్టి, రాసింది సరిగ్గా పడిందో చివర సరిచూసే వెరిఫై టిక్ చేయండి. మన వైపు కరెంటు సంగతి తెలుసు కదా, బ్యాటరీ నిండా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. సగంలో ఆగిన డీవీడీ-ఆర్ ఇక పనికిరాదు. అయ్యాక డిస్క్ వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. రాసిన మేర లోపలి వలయం నుంచి రంగు కాస్త తేడాగా కనిపిస్తుంది.

ప్రశ్న (రాజోలు నుంచి)

ఆయ్, మీరు చెప్పినట్టే చేశానండి, ప్లేయర్ డిస్క్ తీసుకుంది! చాలా సంతోషం. కాకపోతే రెండు ఇబ్బందులు. నాలుగు వైపులా నల్ల పట్టీలు వచ్చి బొమ్మ మధ్యలో చిన్నగా ఉంది. ఇంకోటి, మొదట్లో మాట బాగానే కలుస్తోంది గానీ తలంబ్రాల దగ్గరకొచ్చేసరికి పెదాలు కదిలాక మాట వినిపిస్తోంది.

జవాబు (పాలకొల్లు నుంచి)

పట్టీల సంగతి తేలిక. ప్రాజెక్ట్‌లో 16:9 (వెడల్పు టీవీల కొలత) పడి ఉంటుంది. క్యాసెట్ బొమ్మ 4:3 (పాత డబ్బా టీవీల కొలత). పక్కల నలుపు సాఫ్ట్‌వేర్ పెట్టింది, పైనా కిందా నలుపు ప్లేయర్ పెట్టింది. 4:3కి మార్చి మళ్ళీ ఐఎస్‌వో చేయండి. ప్లేయర్ సెటప్ మెనూలో కూడా టీవీ రకం 4:3 ఉందో లేదో చూసుకోండి.

మాట వెనకబడటం మాత్రం ఎంపీ4తో వచ్చిన చిక్కు అనుకుంటున్నాను. మొదట్లో బాగుండి రానురాను పెరుగుతోందంటే ఫ్రేముల వేగం నిలకడగా లేనట్టే. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు తెరిచి 'ఫ్రేమ్ రేట్ మోడ్' దగ్గర చూడండి. వేరియబుల్ (మారుతూ ఉండేది) అని ఉంటే ముందు వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, 25 ఎంచుకుని, కాన్‌స్టెంట్ (నిలకడ) ఫ్రేమ్‌రేట్ టిక్ చేసి కొత్త ఫైలు చేయండి. క్వాలిటీ కాస్త ఎక్కువే పెట్టండి, ఇది మధ్యలో వాడే ఫైలే. దాన్ని డీవీడీస్టైలర్‌కి ఇవ్వండి. హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే డీవీడీ చేసిపెట్టదు, అక్కడ పొరబడకండి.

ప్రశ్న (భీమవరం నుంచి)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ప్లేయర్‌కి యూఎస్‌బీ ఉంటే పెన్‌డ్రైవ్‌తో పని అయిపోదా?

జవాబు (పాలకొల్లు నుంచి)

ఆ ప్లేయర్లలో చాలావాటికి యూఎస్‌బీలో కూడా ఎంపెగ్, డివ్ఎక్స్ అనే పాత రకం ఫైళ్ళే ఆడతాయండి. అంటే మార్చే పని తప్పదు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేయాల్సి ఉంటుంది, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

ప్రశ్న (అమలాపురం నుంచి)

మా అక్క పెళ్ళివి మూడు వీసీడీలు ఉన్నాయండి. ఒకే డీవీడీ చేసుకోవచ్చా?

జవాబు (పాలకొల్లు నుంచి)

నిక్షేపంగా. వీసీడీలోని ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్‌లో పేరు చివర డీఏటీ (.dat) అని ఉన్న ఫైళ్ళుంటాయి, అవే వీడియోలు. బొమ్మ 352×288, ఎంపెగ్-1. డీవీడీలో ఆ సైజు చెల్లుతుంది కాబట్టి పెద్దది చేయకండి, చేస్తే స్పష్టత పెరగదు. ధ్వని మాత్రం 44.1 కిలోహెర్ట్జ్ నుంచి 48కి మార్చాలి.

ప్రశ్న (రాజోలు నుంచి)

మీడియాఇన్ఫోలో వేరియబులే ఉందండి. మార్చాక తలంబ్రాలూ అప్పగింతలూ కూడా మాటతో కలిశాయి, బొమ్మ టీవీ నిండా వచ్చింది. మీ మేలు మర్చిపోలేను. చివరగా ఒక్కటి. ఇంట్లో ఇంకో క్యాసెట్ ఉంది, అద్దంలోంచి టేపు చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తోంది. అదీ ఎంపీ4 చేయించడానికి ఇచ్చేయనా?

జవాబు (పాలకొల్లు నుంచి)

వద్దండి, ఆగండి! అది బూజు. కాలవ గట్టు ఇళ్ళలో, చెమ్మ తగిలే బీరువాల్లో ఉన్న క్యాసెట్లకి ఇది తరచూ పడుతుంది. అలాగే వీసీఆర్‌లో పెడితే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కి కూడా పాకుతుంది. టేపు అతుక్కుపోయి ఉంటే తెగిపోవచ్చు కూడా. కవర్‌లో వేసి మిగతా వాటికి దూరంగా పొడిచోట ఉంచండి. టేపు శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వండి, ఇచ్చేటప్పుడు బూజుందని ముందే చెప్పండి. పెళ్ళి క్యాసెట్ కూడా పారేయకండి, ఐఎస్‌వోని ఇంకో హార్డ్‌డిస్క్‌లో పెట్టి, అమ్మమ్మగారికి రెండో కాపీ కొట్టి ఇవ్వండి.