తెరచాప బోటులో పట్టేసిన యాన్మార్ ఇంజను: బోరింగ్‌కి ఇవ్వాలా?

యారాడగాలి:
అందరికీ నమస్కారం. నా దగ్గర 27 అడుగుల పాత ఫైబరు తెరచాప బోటు ఉంది. ఇంజను యాన్మార్ 2జీఎం20. రెండు సిలిండర్లు, 75 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వెడల్పు), సముద్రపు నీళ్లతోనే చల్లబడే రకం. నేను స్టీల్ ప్లాంటులో మోటార్ల పని చేస్తాను. వైండింగులు చేతికొచ్చిన పనే గానీ డీజిలు ఇంజను విప్పడం ఇదే మొదలు.

కిందటి అక్టోబరులో యారాడ కొండ దగ్గర గాలి పడిపోతే ఇంజను వేసుకుని లోపలికి వచ్చాం. మర్నాడు స్టార్టు కాలేదు. డీజిలు లైన్లో గాలి చేరిందనుకుని బ్యాటరీ దిగిపోయేదాకా సెల్ఫు కొట్టాను. తర్వాత అమ్మకి ఆపరేషను, ఆసుపత్రి తిరుగుళ్లు. బోటు వైపు వెళ్లలేకపోయాను. సంక్రాంతి అయ్యాక చూస్తే ఫ్లైవీలు బిగుసుకుపోయి ఉంది.

నాజిళ్లు (సిలిండర్లోకి డీజిలు చిమ్మేవి) విప్పి, ఆ కన్నాల్లోంచి డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి, రోజూ రెండు పూటలా స్పానరుతో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదిపాను. తొమ్మిదో రోజు తిరిగింది. హెడ్డు (సిలిండర్ల పైమూత) తీస్తే ఒకటో సిలిండరు అద్దంలా ఉంది. రెండోదాంట్లో సగం ఎత్తులో చుట్టూ తుప్పు గీత. గోరు పెడితే కొద్దిగా తగులుతోంది.

ఒక బోరింగ్ షాపులో కొలవకుండానే "రెండూ బోరింగ్ చేసేద్దాం, ఓవర్‌సైజు పిస్టన్లు వేసేద్దాం" అన్నారు, అంటే సిలిండర్ల లోపల కోసి వెడల్పు చేసి, పెద్ద పిస్టన్లు వెయ్యడం. ఇంకొకాయన ఇది పాత ఇనుముకి అమ్మేసి బోటు వెనక బయట బిగించే అవుట్‌బోర్డు ఇంజను తగిలించుకోమన్నారు. నాకు మనసొప్పడం లేదు. గాలి లేని పూట ఓడల దారిలోంచి నన్నూ పిల్లల్నీ ఒడ్డుకి చేర్చింది ఈ ఇంజనే. బోరింగ్ చేయించాలా, హోనింగ్ (సిలిండరు లోపల రాయితో పైపైన రుద్దడం) సరిపోతుందా?

బోటుమేస్త్రి:
బాబూ, బోరింగ్ సంగతి తర్వాత. ఆ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో ముందు తేల్చు. అది తేలకుండా పిస్టన్లు మార్చితే వచ్చే ఏడాది మళ్లీ ఇదే పని.

హెడ్ గాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే పట్టీ) పోయి ఉండొచ్చు, లేదా ఎగ్జాస్టు దారిన వచ్చి ఉండొచ్చు. నాకు రెండోదే అనిపిస్తోంది. ఎందుకంటే బ్యాటరీ దిగేదాకా సెల్ఫు కొట్టానని నువ్వే రాశావు. సెల్ఫు తిప్పినంతసేపూ నీళ్ల పంపు కూడా తిరుగుతుంది, సముద్రం నీళ్లు సైలెన్సరులోకి తోస్తూనే ఉంటుంది. ఇంజను అందుకుంటే పొగ ఆ నీళ్లని బయటికి నెట్టేస్తుంది. అందుకోకపోతే నీళ్లు నిండి నిండి వెనక్కి ఎక్కుతాయి. అప్పుడు ఏ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు తెరుచుకుని ఉంటే అందులోకి దిగుతాయి. నీ రెండోదాంట్లో మూడు నెలలు ఉప్పునీళ్లు నిలబడ్డాయి. తుప్పు గీత ఉన్న ఎత్తే పిస్టన్ ఆగిన ఎత్తు అయ్యుంటుంది, చూసుకో.

రెండు మూడు సార్లకి స్టార్టు కాకపోతే సముద్రపు నీళ్ల వాల్వు కట్టెయ్యాలి. ఇంజను అందుకున్న వెంటనే తెరవాలి. మా దగ్గర కొత్త కుర్రాళ్లకి మొదటిరోజు చెప్పేది ఇదే.

ఇప్పుడు కొలతలు. సిలిండర్లో నీళ్లున్నప్పుడు సెల్ఫు పడితే కనెక్టింగ్ రాడ్డు వంగొచ్చు. రెండు పిస్టన్లనీ ఒక్కోదాన్నీ పూర్తిగా పైకి తెచ్చి, బ్లాకు పైభాగం నుంచి ఎంత కిందున్నాయో కొలువు. ఒకటి ఎక్కువ కిందుంటే రాడ్డు వంగినట్టే, ఇంకేం ఆలోచించక్కర్లేదు. తర్వాత బోర్ గేజితో పైన, మధ్యన, కింద కొలువు. ప్రతి చోటా ఇంజను పొడుగు వైపు ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. కొత్త రింగుని పిస్టన్‌తో తిన్నగా లోపలికి తోసి ఫీలర్ గేజితో దాని రెండు కొసల మధ్య సందు చూడు. 0.2 నుంచి 0.4 మి.మీ. మధ్య ఉంటే బోరు ఇంకా బతికున్నట్టే. బాగున్న సిలిండర్ని కొయ్యడం నాకు మాత్రం ఇష్టం ఉండదు.

ఇంకో మాట. ఆగిపోకముందు కొన్నాళ్లుగా నల్లపొగ వచ్చేదా?

నీలిపడవ:
మాదీ ఇదే ఇంజను అన్నా. హెడ్డు ఎలాగూ విప్పావు కాబట్టి నీళ్ల దారులు కూడా చూడు. మా దాంట్లో ఉప్పు సున్నంలా గట్టిగా పేరుకుంది. వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి, మర్నాడు బాగా కడిగాం. థర్మోస్టాటు మార్చితే 42 డిగ్రీలకి తెరుచుకునేదే తీసుకో. మంచినీళ్లతో చల్లబడే రకానికి వేసే ఎక్కువ వేడి థర్మోస్టాటు దీనికి వెయ్యొద్దు, లోపల ఉప్పు ఇంకా పేరుకుంటుంది.

యారాడగాలి:
గురువుగారూ, అవును, వర్షాలకి ముందు నుంచీ నల్లపొగ ఉంది. వెనక ఫైబరంతా మసి పట్టేది. మీరు అడిగాక మిక్సింగ్ ఎల్బో (పొగలో సముద్రపు నీళ్లు కలిసే వంపు గొట్టం) విప్పాను. నా బొటనవేలు పట్టాల్సిన కన్నంలో పెన్సిలు కూడా కష్టంగా దూరుతోంది. మసీ ఉప్పూ కలిసి రాయైపోయింది. ఆ రోజు స్టార్టు కాకపోవడానికీ ఇదే కారణమా?

పిస్టన్లు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. కొలిచేటప్పుడు చెయ్యి వణికింది, మూడుసార్లు చూశాను. బోరు ఒకటోది 75.04, రెండోది ఎక్కువ అరిగిన చోట 75.06. కొత్త రింగు సందు 0.30, 0.35. హోనింగ్ చేయించాను, దగ్గరే నిలబడి. తుప్పు గీత ఉన్నచోట బూడిదరంగు మచ్చ మిగిలింది, గోరుకి తగలడం లేదు.

బోటుమేస్త్రి:
పొగ పోయే దారి మూసుకుంటే ఇంజనుకి ఊపిరాడదు బాబూ. స్టార్టు కాకపోవడానికి అదొక్కటే చాలు. ఆ ఎల్బో కొత్తది వేసెయ్యి, దానిమీద పొదుపు వద్దు. గోరుకి తగలని మచ్చని వదిలెయ్యి, రింగులు వేసుకో. బిగించేముందు బోరు సబ్బునీళ్లతో కడిగి, తెల్లగుడ్డకి నలుపు అంటనంతవరకు తుడిచి, వెంటనే ఆయిలు రాయి. మన గాలికి ఒక్క రాత్రిలోనే తుప్పు లేస్తుంది.

నాజిళ్లు, డీజిలు పంపు టెస్టింగుకి ఇప్పుడే ఇచ్చెయ్యి. ఏప్రిల్ 15న చేపల వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా హార్బరు ఇంజన్లన్నీ షాపుల్లోనే ఉంటాయి, నీ వంతు రాదు.

నీళ్ల గొట్టం పంపు నుంచి ఎల్బోకి తిన్నగా పోతుంటే, మధ్యలో నీటిమట్టానికి బాగా పైకి ఒక వంపు తిప్పి, దాని నెత్తిన గాలి వాల్వు పెట్టు. లేకపోతే ఇంజను ఆపాక కూడా నీళ్లు వాటంతటవే లాక్కుని లోపలికి వస్తాయి.

వాల్వుల గ్యాపు 0.2 మి.మీ., ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్టాలి. మొదటి గంట నడిచాక ఆపేసి, మర్నాడు పొద్దున్నే మళ్లీ చూడు.