టెస్టులో 99 శాతం, కొత్త బేరింగ్ పెడితే బోర్లా. మీకూ ఇలాగే అయిందా?

వైబ్రేషన్_గోల:
బేరింగ్ బాగుందా పాడైందా అని వైబ్రేషన్ సిగ్నల్ చూసి చెప్పే మోడల్ చేస్తున్నా. సెకనుకి 12 వేల శాంపిల్స్. సగం సగం ఓవర్‌ల్యాప్‌తో 2048 పాయింట్ల ముక్కలుగా కోసి, అన్నీ కలిపి షఫుల్ చేసి, 80 శాతం ట్రెయినింగ్‌కి, 20 శాతం టెస్టుకి విడదీసి సీఎన్ఎన్‌కి (సిగ్నల్లో నమూనాలు తానే పట్టుకునే ఒక రకం న్యూరల్ నెట్‌వర్క్) ఇస్తే 99 శాతం వచ్చింది. రెండు రోజులు గాల్లో తేలా. మూడో రోజు ల్యాబ్‌లో వేరే బేరింగ్ బిగించి చూస్తే బాగున్నదాన్ని పాడైందంటోంది, పాడైనదాన్ని బాగుందంటోంది, బొమ్మా బొరుసా వేసుకున్నా ఇంతకన్నా నయమేమో. లేయర్లు పెంచా, డ్రాపౌట్ (నేర్పేటప్పుడు కొన్ని న్యూరాన్లని ఆపి ఉంచే చిట్కా) మార్చా, ఏం లాభం లేదు.

మెష్_మామ:
లేయర్ల జోలికి పోకండి, ముందు ఆ షఫుల్ సంగతి చూడండి. సగం ఓవర్‌ల్యాప్ అంటే ఒక ముక్కలో సగం పక్క ముక్కలో కూడా ఉంటుంది, ఒకటి ట్రెయినింగ్‌లోకీ ఇంకోటి టెస్టులోకీ వెళితే ప్రశ్నపత్రం ముందురోజే చేతికిచ్చినట్టు. ఓవర్‌ల్యాప్ తీసేసినా పూర్తిగా పోదు. అందరూ వాడే కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ డేటానే తీసుకోండి, 0.007, 0.014, 0.021 అంగుళాల దోషాలు కావాలని పెట్టి, అదే బేరింగ్‌ని 0 నుంచి 3 హార్స్‌పవర్ లోడ్ల మీద తిప్పి రికార్డు చేశారు. 0, 1, 2 మీద నేర్పి 3 మీద టెస్ట్ చేశాం అని మనవాళ్లు గొప్పగా రాస్తారు, బేరింగ్ అదే కదా! మనిషి గొంతు గుర్తుపట్టినట్టు మోడల్ ఆ బేరింగ్ గొంతు గుర్తుపడుతోంది. బేరింగ్ వారీగా విడదీసి చూడండి. స్కోరు పడిపోతుంది, టెన్షన్ పడకండి, మీ అసలు స్కోరు అదే.

సిమెంట్_చేతులు:
మామ చెప్పింది నాకు కాంక్రీట్‌లో జరిగింది. యే (Yeh) అనే పరిశోధకుడి పాత డేటా ఉంది కదా, 1030 వరసలు, ఎనిమిది ఇన్‌పుట్లు, కాంక్రీట్ బలం చెప్పాలి. చూడ్డానికి ప్రతి వరసా వేరే, కానీ ఒకే మిక్స్‌ని 3 రోజులకి, 28 రోజులకి, 90 రోజులకి పరీక్షించిన వరసలు బోలెడు. షఫుల్ చేస్తే ఒకే మిక్స్ అటూ ఇటూ పడుతుంది. మిక్స్ వారీగా గ్రూపు చేశాక నా ఎక్స్‌జీబూస్ట్ (చాలా డెసిషన్ ట్రీలు కలిపి చేసే మోడల్) పొగరు కాస్త దిగింది. అప్పటికే పోస్టర్ ప్రింట్ అయిపోయింది, అది వేరే బాధ.

బౌండరీ_బాధితుడు:
నాది పిన్ కథ, అదే ఫిజిక్స్ సమీకరణాన్ని లాస్‌లో కలిపి నేర్పే నెట్‌వర్క్. 2019లో రైస్సీ, పెర్డికారిస్, కార్నియడాకిస్ పేపర్ వచ్చాక అందరూ దాని వెంట పడ్డారు, నేనూ పడ్డా. స్టీల్ ప్లేట్‌లో స్ట్రెస్ లెక్కకి యంగ్స్ మాడ్యులస్ 200 గిగాపాస్కల్స్, డిస్‌ప్లేస్‌మెంట్ మిల్లీమీటర్‌లో పదో వంతు. ఆ అంకెలు అలాగే పెట్టేశా. సమీకరణం తాలూకు లాస్ కొండంత, బౌండరీ లాస్ ఆవగింజంత, ఇక నెట్‌వర్క్ బౌండరీని పట్టించుకుంటుందా? బిగించిన అంచు కూడా జరిగిపోతోంది. అన్నీ డైమెన్షన్ లేని అంకెలుగా మార్చాకే దారికొచ్చింది, దానికే నాకు నెల పట్టింది. ఇంతా చేస్తే ఆ లెక్క ఫైనైట్ ఎలిమెంట్‌లో (వస్తువుని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కగట్టే మామూలు పద్ధతి) కొన్ని సెకన్ల పని! మామూలు లెక్కకి పిన్ వద్దనే నా మాట. నాలుగు సెన్సార్ల ఉష్ణోగ్రతలు మాత్రమే ఉండి, మెటీరియల్ కండక్టివిటీ ఎంతో కనుక్కోవాలంటే మాత్రం బాగా పనికొచ్చింది.

మెష్_మామ:
@బౌండరీ_బాధితుడు ఆ సెకన్ల పోలిక చాలామంది చెయ్యరండీ. 2024లో మెక్‌గ్రీవీ, హకీమ్ అనే పరిశోధకులు ఫ్లూయిడ్స్ సమీకరణాల మీద మామూలు పద్ధతి కన్నా మా మెషీన్ లెర్నింగే మెరుగు అన్న 76 పేపర్లు తిరగేస్తే 60 పేపర్లు బలహీనమైన పద్ధతితో పోల్చుకున్నవే. నేనూ ఆ పాపం చేశా. నా నెట్‌వర్క్‌ని జీపీయూ మీద నడిపి, సాల్వర్‌ని (సమీకరణాన్ని మామూలు పద్ధతిలో సాధించే ప్రోగ్రామ్) ఒకే కోర్ మీద, అవసరానికి మించిన సన్నటి మెష్‌తో (లెక్క కోసం గీసే గళ్లు) నడిపి, ఇన్ని వేల రెట్లు వేగం అని స్లైడ్ వేశా. డేటా తయారీకి వారం పాటు నడిపిన సాల్వర్ లెక్క ఆ స్లైడ్‌లో లేదు. ఎవరూ అడగలేదు కూడా.

అరవై_రన్లు:
నా దగ్గర ఒక్కో సీఎఫ్‌డీ రన్ (గాలి, నీటి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం) ఒక రాత్రి, మొత్తం 60 రన్లకి మించి కుదరవు. డీప్ నెట్‌వర్క్ ఊసే ఎత్తలేదు. లాటిన్ హైపర్‌క్యూబ్‌తో (ఇన్‌పుట్ల పరిధి అంతా సమానంగా కవరయ్యేలా ఎంచుకునే పద్ధతి) పాయింట్లు పరిచి, తెలిసిన పాయింట్ల నుంచి మధ్యవి అంచనా వేసే క్రిగింగ్ వేశా, బంగారు గనుల్లో ఖనిజం అంచనాకి పుట్టిన పాత పద్ధతే. అంచనాతో పాటు ఎంత నమ్మొచ్చో కూడా చెబుతుంది, డేటా లేని మూలకి వెళితే ఆ ఎర్రర్ బార్ ఉబ్బిపోతుంది. తర్వాతి రన్ ఎక్కడ వెయ్యాలో దాన్ని చూసే నిర్ణయించుకునేవాణ్ని.

వైబ్రేషన్_గోల:
అందరికీ థాంక్స్. బేరింగ్ వారీగా విడదీశా, 99 కాస్తా 64 అయింది. మా గైడ్ గారికి చెప్పడానికి ఒక రోజు ధైర్యం చాల్లేదు. తర్వాత ముడి సిగ్నల్ పక్కన పెట్టి, ఎన్వలప్ స్పెక్ట్రమ్ (సిగ్నల్ హెచ్చుతగ్గుల్లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్) తీసి, బాల్స్ ఎన్ని, వాటి వ్యాసం ఎంత, షాఫ్ట్ వేగం ఎంత అన్నదాన్ని బట్టి దోషం ఫ్రీక్వెన్సీ లెక్కగట్టి, ఆ చోట ఎంత ఎత్తు ఉందో ఫీచర్‌గా ఇచ్చా. మోడల్ మామూలు రాండమ్ ఫారెస్టే (చాలా డెసిషన్ ట్రీల ఓటింగ్), కొత్త బేరింగ్ మీద 83 శాతం. కొన్ని బేరింగుల్లో మాత్రం దోషం ఉన్నా ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఏమీ కనపడట్లేదు, ఎందుకు?

మెష్_మామ:
బాల్స్ జారతాయి కదా, లెక్కకీ అసలుకీ ఒకటి రెండు శాతం తేడా మామూలే. సరిగ్గా ఆ గీత మీదే వెతక్కుండా అటూ ఇటూ రెండు శాతం పట్టీలో ఎక్కువ ఎత్తు ఎక్కడుందో అది తీసుకోండి.

వైబ్రేషన్_గోల:
దొరికింది మామా! గీతకి కాస్త ఎడంగా కూర్చుని ఉంది.