సైపై మినిమైజ్ కదలకుండానే సక్సెస్ అంటాంది, ఏంది కథ?

తోతాపురి_టెకీ (తిరుపతి):
అన్నా, అక్కా, కొంచెం చూడండి. మా మామ చిత్తూరు పక్క మామిడికాయ ర్యాంపు (రైతుల కాయ కొని ఫ్యాక్టరీకి పంపే చోటు) పెడతాడంట, యాడ పెడితే ట్రాక్టర్ల బాడుగ తక్కువ పడతాదో లెక్కేయమన్నాడు. బంగారుపాళ్యం, దామలచెరువు, పెనుమూరు, ఐరాల, పుత్తూరు నుంచి కాయ వస్తాది. ఒక్కో ఊరి దూరాన్ని అక్కడి టన్నులతో గుణించి అన్నీ కూడి పైథాన్‌లో సైపై మినిమైజ్‌కి (యాడ విలువ అన్నిటికన్నా తక్కువో వెతికిపెట్టే రెడీమేడ్ ఫంక్షన్) ఇచ్చినా. వెతుకులాట మొదలుపెట్టే పాయింట్ చిత్తూరు, అక్షాంశం 13.2, రేఖాంశం 79.1. ఆన్సరూ అదే! సక్సెస్ ట్రూ అంట, ఇటరేషన్లు సున్నా అంట. తిరుపతి నుంచి మొదలుపెడితే తిరుపతే బెస్ట్ అంటాంది. బాడుగ కిలోమీటర్ లెక్కన కదా అని దూరాల్ని రౌండ్ చేసినా, అంతకుమించి ఏం లేదు.

సున్నా_వాలు:
ఆ రౌండే తమ్ముడూ. మెథడ్, లిమిట్లు ఏవీ ఇవ్వకపోతే అది బీఎఫ్‌జీఎస్ అనే పద్ధతి వాడతాది, దానికి వాలు కావాల, అంటే ఎటు జరిగితే విలువ ఎంత మారతాదో తెలియాల. ఆ వాలు ఫార్ములా (డెరివేటివ్) నువ్వు ఇవ్వలేదు కాబట్టి పాయింట్‌ని కొంచెం జరిపి ఫంక్షన్ ఎంత మారిందో అదే చూసుకుంటాది. ఆ కొంచెం ఎంతనుకున్నావ్, 0.000000015. నువ్విచ్చింది డిగ్రీలు, అక్షాంశం ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు, అంటే నేల మీద 2 మిల్లీమీటర్లు కూడా లేదు. ర్యాంపు అంత జరిగితే రౌండ్ చేసిన కిలోమీటర్లు మారతాయా? తేడా సున్నా, వాలు సున్నా, ఇంక దిగేదేం లేదని ఆగిపోయింది. ఫంక్షన్‌ని ఎన్నిసార్లు పిలిచిందో చూడు, 3 అని ఉంటాది. సక్సెస్ అంటే ఆగే షరతు తీరిందని, అంతే. రౌండ్ బిల్లు వేసేటప్పుడు చేసుకో.

గంగజాతర_ఫ్యాన్:
వాలుతో పన్లేని నెల్డర్-మీడ్ పద్ధతి ఉంది కదా బ్రో, 1965 నాటిది, మూడు పాయింట్ల త్రిభుజాన్ని జరుపుకుంటా వెతుకుతాది.

సున్నా_వాలు:
వాడొచ్చు, డిగ్రీలతో మాత్రం వద్దు. సైపైలో అది మొదటి త్రిభుజం కట్టేటప్పుడు ఒక్కో అంకెని 5 శాతం పెంచుతాది. 79.1లో 5 శాతం అంటే దాదాపు 4 డిగ్రీలు, తూర్పుకి 400 కిలోమీటర్ల పైమాటే, ర్యాంపు బంగాళాఖాతంలో పడతాది 😄 వెనక్కి వస్తాది లే, కానీ చిత్తూరు నుంచి తూర్పుకి ఇన్ని, ఉత్తరానికి ఇన్ని కిలోమీటర్లు అని మార్చుకుని, ఆ మొదటి త్రిభుజం నువ్వే ఇస్తే మేలు.

తోతాపురి_టెకీ:
రౌండ్ తీసేసి కిలోమీటర్లలో పెట్టినా, బీఎఫ్‌జీఎస్సే కదిలింది అన్నా, థాంక్స్. యాణ్ణుంచి మొదలుపెట్టినా బంగారుపాళ్యం మీదికే వచ్చి కూచుంటాంది, కానీ ఇప్పుడేమో సక్సెస్ ఫాల్స్, ప్రెసిషన్ లాస్ (కచ్చితత్వం పోయింది) అని వార్నింగ్. ఇదేం గొడవ?

లెక్కల_అక్క:
దూరం ఫంక్షన్‌కి సరిగ్గా ఊరి దగ్గర మొన ఉంటుంది, అక్కడ వాలు సున్నా కాదు, సున్నా కోసమే వెతికే బీఎఫ్‌జీఎస్ అందుకే అరుస్తుంది. ఆన్సర్ కరెక్టే కావచ్చు. బంగారుపాళ్యం కాయ మొత్తంలో సగమో అంతకన్నా ఎక్కువో ఉందా? ఉంటే కోడే అక్కర్లేదు. ర్యాంపుని అక్కణ్ణుంచి ఒక కిలోమీటర్ జరిపితే మిగతా ఊళ్ళకి టన్నుకి మహా అయితే ఒక కిలోమీటర్ కలిసొస్తుంది, బంగారుపాళ్యం ప్రతి టన్నుకీ ఒక కిలోమీటర్ ఖాయంగా పెరుగుతుంది. రోడ్డు దూరాలు వేసినా ఇంతే.

తోతాపురి_టెకీ:
సగం పైనే అక్కా. కానీ ర్యాంపు నుంచి చిత్తూరు ఫ్యాక్టరీకి పోయే బాడుగ ఇంకా కలపలా.

లెక్కల_అక్క:
అయ్యో, అదే అసలుది కదా. ఫ్యాక్టరీని ఇంకో ఊరనుకో, దాని బరువు మొత్తం టన్నులు. టన్నుకి కిలోమీటర్ బాడుగ రెండిటికీ ఒకటే అయితే సగం బరువు ఫ్యాక్టరీదే అయిపోతుంది, ర్యాంపే దండగ, ట్రాక్టర్లు నేరుగా ఫ్యాక్టరీకే పోవాలి. లారీ బాడుగ తక్కువైతేనే నీ లెక్కకి పని. మామని లారీ రేటు అడిగి, ఊళ్ళ టన్నుల్ని ట్రాక్టర్ రేటుతో, ఫ్యాక్టరీ టన్నుల్ని లారీ రేటుతో గుణించి మళ్ళీ వెయ్యి.